గార్డెన్‌లో సిట్టింగ్ పెట్టిన మొహమాటస్థుడు: ఎపిక్యూరస్ కథ

ఈ ఎపిసోడ్ కొంచెం ఇబ్బందికరమైన విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది నా విషయమే. మా అమ్మ మాత్రం ఇది చూడకపోతే బాగుండు.

పోయిన నెల మా ఇంట్లో చిన్న సిట్టింగ్ పెట్టా. ఇల్లంటే అద్దెదే, గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్. వెనకాల ఒక జామచెట్టు, నాలుగు పూలకుండీలు, గట్టిగా సర్దితే ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు పట్టే పెరడు. బీటెక్ బ్యాచ్‌ని పిలిచా. రెండు రోజుల ముందు నుంచే టెన్షన్. గ్లాసులు సరిపోతాయా, ఐస్ ఎప్పుడు తేవాలి, మాటలు ఆగిపోతే ఏం చెయ్యాలి. మాటలు ఆగిపోతే ఏం చెయ్యాలో ఫోన్‌లో నోట్స్ కూడా రాసుకున్నా, నవ్వకండి.

తొమ్మిదిన్నరకి పెరట్లో అందరూ నవ్వుతున్నారు. నేను కిచెన్‌లో ఉల్లిపాయలు కోస్తున్నా. ఎవరూ అడగలేదు. అప్పటికే మూడు ప్లేట్లు కోసేశా. ఒకడు వాటర్ బాటిల్ కోసం లోపలికొచ్చి, నన్ను చూసి, "ఏరా, పిలిచిందీ నువ్వే, దాక్కుందీ నువ్వే" అన్నాడు.

ఇంకోడు అసలు రాలేదు. గ్రూప్‌లో "ఈసారి కాదు మామా" అని పెట్టాడంతే. వాడి సంగతి తర్వాత చెప్తా.

ఆ రాత్రి అందరూ వెళ్లాక నాకు గుర్తొచ్చిన మనిషి ఎపిక్యూరస్. రెండు వేల మూడొందల ఏళ్ల కిందట ఏథెన్స్‌లో ఒక తోట కొనుక్కుని, దాంట్లోకి ఫ్రెండ్స్‌ని పిలుచుకుని, దాదాపు ముప్పై అయిదేళ్లు అలాగే గడిపేసిన మనిషి. ఆయన ఇంట్రోవర్టా? ఆ మాటని మనస్తత్వ శాస్త్రంలో పాపులర్ చేసింది కార్ల్ యుంగ్, అది కూడా ఇరవయ్యో శతాబ్దంలో. కాబట్టి ఎపిక్యూరస్‌కి ఆ లేబుల్ అంటించడం కొంచెం అన్యాయమే. కానీ ఆయన శిష్యులకి చెప్పిన ఫేమస్ సలహా ఏంటంటే, ఎవరి కంటా పడకుండా బతకండి అని. రాజకీయాల్లోకి పోవద్దన్నాడు. జనం అడిగితే తప్ప పబ్లిక్‌లో చదవొద్దన్నాడు. స్కూల్ పెట్టుకోవచ్చు గానీ జనాన్ని పోగెయ్యడం కోసం పెట్టొద్దన్నాడు. మీరే చెప్పండి ఇక.

ఇది ఎంత విచిత్రమో అర్థం కావాలంటే, అప్పటి ఏథెన్స్‌లో తాగడం ఎలా ఉండేదో తెలియాలి. వాళ్ల మందు పార్టీ పేరు సింపోజియం. ఇవాళ మనం కాలేజీల్లో సెమినార్లకి వాడే మాట అదే, అసలు అర్థం మాత్రం కలిసి తాగడం. ఇంట్లో దానికి ప్రత్యేకంగా మగవాళ్ల గది ఉండేది. గోడల వెంట మంచాల్లాంటి దీవాన్లు, వాటి మీద ఎడమ మోచేతి మీద ఒరిగి పడుకుని తాగడం. మధ్యలో క్రేటర్ అనే పెద్ద పాత్ర, దాంట్లో వైన్, నీళ్లు కలిపేవాళ్లు. నీళ్లు కలపకుండా తాగేవాణ్ని అనాగరికుడి కింద చూసేవాళ్లు. ఎంత నీళ్లు కలపాలి, ఒక్కొక్కరు ఎంత తాగాలి అన్నది ఆ రాత్రికి ఎన్నుకున్న ఒక లీడర్ నిర్ణయిస్తాడు. మీకు చాలనిపించినా లాభం లేదు, లీడర్ చెప్పాక తాగాల్సిందే. తర్వాత ఆటలు. కప్పు అడుగున మిగిలిన మడ్డిని గురి చూసి విసిరే ఆట ఒకటి ఉండేది. పాటలు, వంతులవారీగా పద్యాలు. ఇంటి ఆడవాళ్లు ఆ గదిలోకి రారు. వేణువు వాయించడానికో, మగవాళ్లని అలరించడానికో డబ్బిచ్చి పిలిపించిన ఆడవాళ్లు వస్తారు.

అంటే అది రిలాక్స్ అయ్యే చోటు కాదు, పర్ఫార్మెన్స్. ఎవడి మాట పదునో, ఎవడి వంశం గొప్పో, ఎవడు ఎంత తాగి నిలబడగలడో చూపించుకునే స్టేజి. మన ఆఫీస్ పార్టీలు గుర్తొచ్చాయా? నాకైతే వచ్చాయి. మేనేజర్ జోక్ వేస్తాడు, గ్లాసు పట్టుకుని అందరం నవ్వుతాం.

ఎపిక్యూరస్ పుట్టింది క్రీ.పూ. 341లో, సామోస్ దీవిలో. అమ్మానాన్న ఏథెన్స్ పౌరులే, సామోస్‌లో సెటిలయినవాళ్లు. నాన్న బడిపంతులు. పద్దెనిమిదేళ్లకి నిర్బంధ సైనిక శిక్షణ కోసం ఏథెన్స్ వచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అలెగ్జాండర్ చచ్చిపోయాడు. ఆ గందరగోళంలో సామోస్‌లోని ఏథెన్స్ వాళ్లందరినీ వెళ్లగొట్టేశారు. అంటే కుర్రాడు ట్రైనింగ్ ముగించుకునేసరికి వెనక్కి వెళ్లడానికి సొంతూరే లేదు. తల్లిదండ్రులు అవతలి తీరంలో కొలొఫోన్‌లో తలదాచుకుంటే అక్కడికి చేరాడు. తర్వాత మిటిలీని అనే ఊళ్లో పాఠాలు చెప్పాడు. అక్కడ గొడవై వదిలేశాడు. లాంప్సాకస్‌కి వెళ్లాడు. అక్కడ దొరికారు స్నేహితులు, జీవితాంతం వదలని స్నేహితులు. వాళ్లలో కొందరిని వెంటబెట్టుకుని క్రీ.పూ. 306 ప్రాంతంలో మళ్లీ ఏథెన్స్ వచ్చాడు. వయసు ముప్పై అయిదు.

ఏథెన్స్‌లో తత్వవేత్త అంటే పబ్లిక్ ప్లేస్‌లో చెప్పాలి. ప్లేటో స్కూల్ అకాడమీ అనే పబ్లిక్ వ్యాయామశాల పక్కన. అరిస్టాటిల్‌ది లైసియం, అదీ అలాంటిదే. కొన్నేళ్ల తర్వాత జెనో అయితే ఏకంగా మార్కెట్ దగ్గర, బొమ్మలు వేసిన వరండాలో మొదలుపెట్టాడు. ఎపిక్యూరస్ మాత్రం ఒక ఇల్లు, ఒక తోట చూసుకున్నాడు. తోట ఖరీదు 80 మినాలని ఒక పాత లెక్క ఉంది. అంటే 8,000 డ్రక్మాలు. ఆ కాలంలో పనివాడి రోజు కూలీ ఒకటిన్నర నుంచి రెండున్నర డ్రక్మాలు, కాబట్టి పదేళ్ల కూలీ పైమాటే. చిన్న పెట్టుబడి కాదు. డిపిలాన్ గేటు దాటాక, ప్లేటో అకాడమీకి పోయే దారిలోనే ఉండేదట. అంటే ఫేమస్ స్కూల్‌కి పోయే జనమంతా ఈ తోట గోడ పక్క నుంచే పోవాలన్నమాట. జనం పోతుంటారు, ఈయన లోపల ఉంటాడు. నాకు ఆ లొకేషన్ సెలెక్షన్ భలే నచ్చింది.

ఇక లోపల ఎవరున్నారు? మెట్రొడోరస్, హెర్మార్కస్, పోలియేనస్ లాంటి పాత స్నేహితులు. లియోంటియన్ అనే ఆవిడ కూడా. సింపోజియంలో అయితే అలాంటి ఆడవాళ్లని వినోదం కోసం పిలిచేవాళ్లు. ఇక్కడ ఆవిడ అందరితో పాటు కూర్చుని చర్చించింది, అరిస్టాటిల్ వారసుడు థియోఫ్రాస్టస్‌కి వ్యతిరేకంగా పుస్తకం కూడా రాసింది. మిస్ అనే బానిస కూడా ఆ తత్వచర్చల్లో మనిషే. అలాగని ఎపిక్యూరస్‌ని ఇవాళ్టి సమానత్వవాదిని చేసెయ్యకండి. బానిసలు బానిసలుగానే ఉన్నారు, మిస్‌కి విడుదల దొరికింది ఎపిక్యూరస్ వీలునామాలోనే. కానీ మగవాళ్ల గది తలుపు మాత్రం ఆ తోటకి లేదు.

మరి తాగేది ఏంటి? ఇదే నాకు బాగా నచ్చిన పార్ట్. రోజుకి ఒక కోటిలీ పలచటి వైన్ చాలనుకునేవాళ్లట. అంటే పావు లీటరు కన్నా కొంచెం ఎక్కువ. మిగతాదంతా మంచినీళ్లే. తిండి బార్లీ రొట్టె. ఒక ఉత్తరంలో ఎపిక్యూరస్ ఫ్రెండ్‌ని చిన్న కుండెడు జున్ను పంపమని అడిగాడు, ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే ఉంటుందని. విందంటే అదీ ఆయన లెక్కలో. ఇవాళ ఇంగ్లీషులో ఎపిక్యూర్ అంటే ఖరీదైన తిండీ తాగుడూ తెలిసిన రసికుడు. పాపం, పేరు ఆయనది, బిల్లు వేరేవాళ్లది.

ఆయన సుఖమే జీవిత లక్ష్యం అన్నాడు, నిజమే. కానీ సుఖం అంటే ఒంట్లో నొప్పి, మనసులో భయం లేకపోవడం అన్నాడు. వరసబెట్టి తాగి తందనాలాడటం సుఖంగా బతికే దారి కాదని ఒక శిష్యుడికి రాసిన ఉత్తరంలో స్పష్టంగా చెప్పాడు. ఏం తింటున్నాం, ఏం తాగుతున్నాం అనే దానికన్నా ముందు ఎవరితో అన్నది చూసుకోమనేవాడని రోమన్ రచయిత సెనెకా రాశాడు. ఒంటరిగా తినడం సింహాలూ తోడేళ్లూ చేసే పని అన్నది ఆయన ఉద్దేశం. మనుషుల్ని తప్పించుకునేవాడు చెప్పాల్సిన మాట కాదు కదా ఇది? అక్కడే ఉంది పాయింట్. ఆయన తప్పించుకున్నది గుంపుని. మనుషులు లేకుండా ఆయనకి ముద్ద దిగదు.

సరే, గోడలున్న తోట, లోపల ఆడా మగా కలిసి ఉంటారు, సుఖమే లక్ష్యం అంటారు. బయటివాళ్లు ఊరుకుంటారా? మెట్రొడోరస్ తోడబుట్టిన టిమోక్రటీస్ గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయ్యి, అన్నీ బయట చెప్పడం మొదలుపెట్టాడు. ఎపిక్యూరస్ మితిమీరి తిని రోజుకి రెండుసార్లు వాంతి చేసుకుంటాడని, తిండికి రోజుకో మినా తగలేస్తాడని. ఒక మినా అంటే వంద డ్రక్మాలు! డయోటిమస్ అనే స్టోయిక్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఎపిక్యూరస్ పేరుతో యాభై బూతు ఉత్తరాలు దొంగగా రాసి వదిలాడు. యాభై! ఫేక్ స్క్రీన్‌షాట్లు మన కాలం పుణ్యమే అనుకుంటాం కదా. పైగా ఎపిక్యూరస్ రాసిన దాదాపు మూడొందల గ్రంథపు చుట్టల్లో దాదాపు అన్నీ పోయాయి, తిట్టినవాళ్ల మాటలు మాత్రం నిలిచాయి. మన చార్వాకుల పరిస్థితీ అంతే. వాళ్ల గురించి మనకి తెలిసింది ఎక్కువగా వాళ్లని ఖండించినవాళ్ల పుస్తకాల్లోంచే.

ఒక చిన్న సీన్ చెప్తా. కొలోటీస్ అనే కుర్ర శిష్యుడు ఉండేవాడు. ఒకరోజు ఎపిక్యూరస్ ప్రకృతి గురించి పాఠం చెప్తుంటే వీడికి పూనకం వచ్చినట్టయింది. లేచి వచ్చి ఎపిక్యూరస్ మోకాళ్లు పట్టేసుకున్నాడు. అందరి ముందూ. అలాంటప్పుడు పెద్ద గురువైతే తల మీద చెయ్యి పెట్టి దీవిస్తాడు. ఎపిక్యూరస్ ఏం చేశాడో తెలుసా? ఆయన కూడా తిరిగి కొలోటీస్‌కి దండం పెట్టేశాడు. ఆ సంగతి తనే ఉత్తరంలో రాసుకున్నాడు కూడా. దీన్ని వేళాకోళమనీ, వినయమనీ రకరకాలుగా చెప్తారు. నాకైతే ఇది పచ్చి మొహమాటం. ఎవరైనా మనల్ని మరీ పొగిడేస్తే "అయ్యో, నువ్వు కూడా అంతే" అనేస్తాం చూడండి, అది.

ఇక్కడిదాకా కథ హాయిగానే ఉంది. క్రీ.పూ. 295లో మారిపోయింది.

ఏథెన్స్ అప్పుడు లకారీస్ అనే నియంత చేతిలో ఉంది. డిమెట్రియస్ అనే మాసిడోనియా సేనాని నగరాన్ని చుట్టుముట్టాడు. పొలాలు పాడుచేశాడు, ఓడల్లో వచ్చే ధాన్యం ఆపేశాడు. ఏథెన్స్ బతికేదే ఓడల్లో వచ్చే గింజల మీద. ప్లూటార్క్ రాసిన ప్రకారం ఒక మోడియస్ గోధుమలు, అంటే సుమారు తొమ్మిది లీటర్ల కొలత, మూడొందల డ్రక్మాలకి అమ్మారు. పనివాడి అయిదారు నెలల కూలీ, ఒక సంచి గోధుమలకి! ఆయనే ఇంకో సంగతి చెప్పాడు, చెప్పాలా వద్దా అని ఆలోచించా. ఒక గదిలో తండ్రీ కొడుకూ అన్నీ వదులుకుని కూర్చున్నారట. పైకప్పు నుంచి చచ్చిన ఎలుక కింద పడింది. ఇద్దరూ దాని కోసం లేచి కొట్టుకున్నారట.

అదే పేరాలో, ఆ వెంటనే, ఒక్క వాక్యం. తత్వవేత్త ఎపిక్యూరస్ చిక్కుడు గింజలు లెక్కపెట్టి తనతో ఉన్నవాళ్లకి పంచి వాళ్లని బతికించాడని.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. లెక్కపెట్టి పంచాడట. కొలిచి కాదు, గుప్పెళ్లతో కాదు. ఒకటి, రెండు, మూడు. ఊహించుకోండి. తోటలో కొన్ని పదుల మంది ఉన్నారనుకుందాం. వాళ్లలో పిల్లలు ఉండొచ్చు, బానిసలు ఉన్నారు, బయటి ఊళ్ల నుంచి వచ్చి ఏథెన్స్‌లో ఏ హక్కూ లేనివాళ్లు ఉన్నారు. కుండలో గింజలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. ముట్టడి ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలీదు. ఒక్కొక్కరికి ఇవాళ ఎన్ని? పార్టీ హోస్ట్ పనంటే అసలు పని అది. గ్లాసులు సరిపోతాయా అని నేను పడ్డ టెన్షన్ తలుచుకుంటే సిగ్గేసింది.

ఇంకో విషయం. ఈ సంగతిని కాపాడి మనకిచ్చిన ప్లూటార్క్ ఎపిక్యూరస్ అభిమాని కాదు. నాలుగొందల ఏళ్ల తర్వాతి మనిషి. ఎపిక్యూరస్‌ని విమర్శిస్తూ ప్రత్యేకంగా రచనలు చేశాడు, ఎవరి కంటా పడకుండా బతకాలన్న సలహా మీదైతే విడిగా ఒకటి రాసి ఉతికేశాడు. అలాంటివాడు పొగడ్త కోసం ఇది కల్పించి ఉండడని నా నమ్మకం. క్రీ.పూ. 294లో నగరం లొంగిపోయింది. డిమెట్రియస్ జనాన్నంతా థియేటర్‌లో సమావేశపరిచి, భయపెట్టి, చివరికి క్షమించానని చెప్పి లక్ష మెడిమ్నస్‌ల ధాన్యం ఇచ్చాడు. తోట నిలబడింది.

ఇప్పుడు రాని ఫ్రెండ్ సంగతి. వాడికి జనవరిలో ఉద్యోగం పోయింది. మాకు తెలుసు. మా గ్రూప్‌లో రూల్ ఏంటంటే సిట్టింగ్ అయ్యాక ఖర్చు తలా ఇంత అని యాప్‌లో రిక్వెస్ట్ వస్తుంది. పిలిచింది మా ఇంటికే అయినా నేను ఆ రూల్ తియ్యలేదు. తియ్యాలని తట్టలేదు కూడా. వాడు రానిది ఆ ఏడొందల కోసం అని నాకు వారం తర్వాత వేరేవాడి ద్వారా తెలిసింది.

ఎపిక్యూరస్ దగ్గర డబ్బు ఎలా నడిచేదో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. పైథాగరస్ శిష్యులు ఆస్తులన్నీ ఉమ్మడిలో కలిపేసేవాళ్లని అంటారు. ఎపిక్యూరస్ అది వద్దన్నాడు. ఉమ్మడి ఖాతా పెట్టామంటేనే ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదని అర్థం, నమ్మకం లేనిచోట స్నేహం ఏంటి అని. అలాగని డబ్బు మాటే ఎత్తని సాధువు కాదు. ఉన్న స్నేహితుల దగ్గర చందాలు తీసుకున్నాడు, ఉత్తరాలు రాసి మరీ. ఉన్నవాడు ఇస్తాడు, లేనివాడు కూర్చుంటాడు. స్ప్లిట్ లేదు. ఇది నాకు ముందే తెలుసు, ఎప్పుడో చదివా. చదవడం వేరు, రిక్వెస్ట్ బటన్ నొక్కకుండా ఉండటం వేరు.

ఎపిక్యూరస్ ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. క్రీ.పూ. 270 ప్రాంతంలో మూత్రాశయంలో రాళ్లతో పద్నాలుగు రోజులు నరకం అనుభవించాడు. చివరి రోజు ఇడోమెనియస్ అనే స్నేహితుడికి ఉత్తరం రాశాడు. నొప్పి ఇంతకన్నా పెరగలేనంతగా ఉందని, కానీ మన పాత కబుర్లు గుర్తుకొస్తుంటే ఆ సంతోషం దానికి ఎదురు నిలుస్తోందని, మెట్రొడోరస్ పిల్లల్ని చూసుకోమని. మెట్రొడోరస్ అప్పటికే పోయి ఏడేళ్లు. తర్వాత కంచు తొట్టెలో వేడినీళ్లు పోయించుకుని దాంట్లో కూర్చున్నాడట. నీళ్లు కలపని వైన్ అడిగాడు. జీవితమంతా నీళ్లూ పలచటి వైనూ తాగిన మనిషి, ఆ ఒక్కసారి మాత్రం నీట్. తాగాడు, చెప్పినవి మర్చిపోకండని స్నేహితులకి చెప్పాడు, పోయాడు. వయసు 72.

వీలునామా మొత్తం ఇవాళ్టికీ దొరుకుతుంది. తోటని ఇద్దరు ఏథెన్స్ పౌరుల పేర రాశాడు. ఎందుకంటే స్కూల్ వారసుడు హెర్మార్కస్ పరాయి ఊరివాడు, చట్టం ప్రకారం ఏథెన్స్‌లో భూమి అతని పేర ఉండకూడదు. కాబట్టి పేరు వాళ్లది, వాడకం వీళ్లది. బినామీ అనొచ్చేమో, మంచి పనికి. మెట్రొడోరస్ కూతురి పెళ్లికి కట్నం ఏర్పాటు ఉంది. మిస్‌తో పాటు ఇంకో ముగ్గురు బానిసలకి విడుదల ఉంది. ఇంకో ఏర్పాటు, ప్రతి నెలా 20వ రోజున అందరూ కలవాలని, తననీ మెట్రొడోరస్‌నీ తలుచుకోవాలని. పోయాక కూడా క్యాలెండర్ ఇన్వైట్ పంపాడన్నమాట, రికరింగ్. ఈ 20వ తారీఖు మీటింగ్ వల్ల బయటివాళ్లు వీళ్లకి ఇరవయ్యో తారీఖు బ్యాచ్ అని అర్థం వచ్చే నిక్‌నేమ్ కూడా పెట్టారు.

ఆ బ్యాచ్ రెండొందల ఏళ్ల తర్వాత కూడా కలుస్తూనే ఉంది. క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో ఇటలీలో ఫిలోడెమస్ అనే ఎపిక్యూరస్ అనుచరుడు ఉండేవాడు. ఆయన పీసోకి, అంటే జూలియస్ సీజర్ మామగారికి, ఒక చిన్న కవితలో ఆహ్వానం పంపాడు. రేపు ఇరవయ్యో తారీఖు, నా చిన్న గుడిసెకి రండి, ఖరీదైన మాంసం, వైన్ ఉండవు, నిజమైన స్నేహితులు ఉంటారు అని దాని సారాంశం.

ఏథెన్స్‌లో మాత్రం రియల్ ఎస్టేట్ వచ్చి పడింది. మెమ్మియస్ అనే రోమన్ నాయకుడి చేతికి ఎపిక్యూరస్ ఇంటి శిథిలాలు ఉన్న స్థలం వచ్చింది, అక్కడ ఏదో కట్టాలనుకున్నాడు. క్రీ.పూ. 51లో సిసెరో అతనికి ఉత్తరం రాశాడు, దాన్ని ఆ స్కూల్ వాళ్లకి వదిలెయ్యమని. తమాషా ఏంటంటే, ఎపిక్యూరస్ తత్వం మీద లాటిన్‌లో వచ్చిన గొప్ప కావ్యాన్ని లుక్రేషియస్ అంకితమిచ్చింది ఇదే మెమ్మియస్‌కి. పుస్తకం అంకితం తీసుకున్నవాడే ప్లాట్ మీద కన్నేశాడు. మన ఊళ్లలో ఇలాంటి కథలు చెప్పమంటే మీరే నాలుగు చెప్తారు.

ఇక నా పాత ఉద్యోగానికి దగ్గరైన ముక్క. ఆ ఫిలోడెమస్ పుస్తకాలు క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు హెర్క్యులేనియంలో ఒక విల్లా కింద బొగ్గయిపోయాయి. ఆ విల్లా పీసోదే అయ్యుండొచ్చని చాలామంది అంటారు. 1750ల్లో తవ్వితే కాలిన కట్టెపేళ్లలా వందల చుట్టలు బయటపడ్డాయి. విప్పబోతే పొడి అవుతాయి. 2023లో వెసూవియస్ ఛాలెంజ్ అని పోటీ పెట్టారు. చుట్టని విప్పకుండా పార్టికల్ యాక్సిలరేటర్‌లో స్కాన్ చేసి, ఆ డేటాని అందరికీ ఇచ్చి, చదవండి చూద్దాం అన్నారు. సిరా కూడా కార్బనే, కాగితం కూడా బొగ్గే, కాబట్టి స్కాన్‌లో తేడా కనపడదు. సిరా ఉన్నచోట సన్నని పగుళ్ల ప్యాటర్న్ ఉందని ఒకాయన కళ్లతో పట్టుకున్నాడు. ల్యూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ల స్టూడెంట్ దాని మీద మోడల్ ట్రైన్ చేశాడు. మొదట బయటపడ్డ మాట, ఊదా రంగు. 2024 ఫిబ్రవరిలో ముగ్గురు కుర్రాళ్ల టీమ్‌కి 7 లక్షల డాలర్ల ప్రైజ్ వచ్చింది.

మరి చదివితే దాంట్లో ఏముంది? సుఖం గురించి చర్చ. సంగీతం, తిండి, ఒక మసాలా మొగ్గ పేరు. తక్కువగా దొరికే వస్తువు ఎక్కువగా దొరికేదాని కన్నా ఎక్కువ సుఖాన్నిస్తుందా అని ప్రశ్న. రాసింది ఫిలోడెమసే అయ్యుండొచ్చని పండితుల అంచనా. తోట కబుర్లే, రెండు వేల ఏళ్లు బొగ్గులో ఉండి మెషీన్ లెర్నింగ్‌తో బయటికొచ్చాయి. అప్పటికి చదివింది ఆ చుట్టలో అయిదు శాతమే.

నేను గ్రూప్‌లో మెసేజ్ పెట్టా. ఈ నెల 20, మా పెరడు, ఏడింటికి, రిక్వెస్టులు ఉండవు అని. వాడికి విడిగా ఫోన్ కూడా చేశా. ఫోన్ చెయ్యడం నాకెంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకి తెలుసు. వాడు రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఉల్లిపాయలు నేను కోస్తాలే, నువ్వు కూర్చో" అన్నాడు.

ఇంతవరకు ఆరుగురు వస్తామన్నారు. కుర్చీలు ఎనిమిది ఉన్నాయి, ఒకదాని కాలు విరిగింది.